సవరణ: ఓడిన పిచర్ స్మోల్ట్జ్ కాదు

1991 వరల్డ్ సిరీస్ (అమెరికా బేస్‌బాల్ ఫైనల్ పోరు) ఏడో గేమ్ గురించి మొన్న రాసినదాంట్లో, మినెసోటా ట్విన్స్ అట్లాంటా బ్రేవ్స్‌ను 1-0తో ఓడించినప్పుడు బ్రేవ్స్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) జాన్ స్మోల్ట్జ్ చివరిదాకా బౌలింగ్ చేసి ఓడిపోయాడని అన్నాను. అది తప్పు. ఆ గేమ్ అధికారిక స్కోరుకార్డు ఇప్పుడు చూశాను.

స్మోల్ట్జ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒకరు అవుటయ్యాక తప్పుకున్నాడు. అప్పటికి స్కోరు 0-0. ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు కాబట్టి ఓటమి అతని ఖాతాలో పడలేదు. పదో ఇన్నింగ్స్‌లో ట్విన్స్ ఆటగాడు జీన్ లార్కిన్ కొట్టిన దెబ్బకు అదే జట్టు డాన్ గ్లాడెన్ పరుగు తీశాడు. అప్పుడు బ్రేవ్స్ తరఫున బంతి వేస్తున్నది అలెహాండ్రో పెన్యా, ఓటమి అతనిది.

చివరిదాకా నిలబడింది అవతలి జట్టు ట్విన్స్ పిచర్ జాక్ మోరిస్. 10 ఇన్నింగ్స్, 126 బంతులు, సున్నా పరుగులు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు బేస్‌లూ బ్రేవ్స్ రన్నర్లతో నిండి, ఒక్కరే అవుటైన టెన్షన్‌లోనూ డబుల్ ప్లేతో (ఒకే బంతికి ఇద్దరు అవుట్ కావడం) బయటపడ్డాడు. (క్రికెట్ అలవాటుతో 'బౌలింగ్' అన్నాను, నిజానికి పిచింగ్ అనాలి.)

జ్ఞాపకం మీద రాసేశాను, పొరపాటు నాదే.