ఇడ్లీ పిండికీ నోటి పూతకీ ముడిపెట్టకండి

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పిన్ని 20 రోజులుగా ఇడ్లీ, దోసె మానేసి పొద్దున్నే వంటసోడా నీళ్లు తాగుతోంది. ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన ఫార్వర్డ్ చెప్పిందట: పులిసిన పిండిలోని ఈస్టే ఒంట్లో కాండిడా (నోటి పూత తెచ్చే ఫంగస్) అవుతుంది, దాని ఎంజైమ్‌లు పేగులకు చిల్లులు పెడతాయి, గ్లాసు నీళ్లలో ఉమ్మితే తీగలు సాగితే మీకు అది ఉన్నట్టే, సోడాకి చచ్చిపోతుంది. మైక్రోబయాలజీ ల్యాబులో రోజూ కాండిడాను చూసేదాన్ని, ఇది చదివి ఊరుకోలేకపోయాను.

ఇడ్లీ పిండిని పొంగించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా. కాస్తో కూస్తో ఉండే ఈస్టు ఆవిరిలో ఉడికాక బతకదు. బ్రెడ్డులో వేసే ఈస్టు వేరే జాతి, అది కాండిడాగా మారదు. కాండిడా ఎక్కడినుంచో రానక్కర్లేదు కూడా, ఏ జబ్బూ లేని చాలామంది నోట్లో, పేగుల్లో ఉంటూనే ఉంటుంది.

ఉమ్మి తీగలు సాగేది మ్యూసిన్ అనే జిగురు ప్రోటీన్ వల్ల. అది అందరి లాలాజలంలోనూ ఉంటుంది.

ఎంజైమ్‌ల మాటలో మాత్రం కొంత నిజం ఉంది, జనం నమ్మేది అందుకే. కాండిడా అల్బికన్స్‌కి ప్రోటీన్లను కోసే ప్రోటినేజ్‌లు ఉన్నాయి, ఒక్క శాప్ అనే కుటుంబంలోనే 10. కణాల పొరను కరిగించే ఫాస్ఫోలిపేజ్‌లూ ఉన్నాయి. గుడ్డు పచ్చసొన కలిపిన ప్లేటు మీద పెంచితే కాలనీ (ఒకచోట పెరిగిన ఫంగస్ గుంపు) చుట్టూ తెల్లటి వలయం కడుతుంది. కాలనీ వెడల్పు 6 మిల్లీమీటర్లు, వలయంతో కలిపి 10 అయితే, 6ని 10తో భాగిస్తే వచ్చే విలువ 0.6. అంకె తగ్గేకొద్దీ ఎంజైమ్ ఎక్కువన్నమాట. అయితే జబ్బులేనివాళ్ల నోటినుంచి తీసిన కాండిడా కూడా వలయం కట్టగలదు. షుగర్ అదుపు తప్పినప్పుడో, యాంటీబయాటిక్స్ ఎక్కువ రోజులు వాడినప్పుడో, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో దానికి దారి దొరుకుతుంది.

ఇక సోడా. ఈ ప్రోటినేజ్‌లు చాలావరకు పులుపులో బాగా పనిచేస్తాయి కాబట్టి పులుపు తీసేస్తే చాలనుకుంటారు. కానీ అల్బికన్స్‌ని గుర్తుపట్టడానికి మేం దాన్ని సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. సీరంలో పులుపు లేదు. అయినా 2, 3 గంటల్లో విత్తనం మొలకెత్తినట్టు గొట్టాలు తొడుగుతుంది! కణజాలంలోకి చొచ్చుకుపోయేది ఆ పోగుల రూపమే. పైగా సోడా నిండా సోడియం. పిన్నికి బీపీ.

మొన్న ఆదివారం వెళ్లి పిన్ని నోరు తెరిపించి చూశాను. బుగ్గల లోపల పెరుగు మరకల్లా తెల్లపూత, దూదితో తుడిస్తే కింద ఎర్రగా ఉంది. ఆయాసానికి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీలుస్తోంది, పీల్చాక నోరు పుక్కిలించాలని ఎవరూ చెప్పలేదు. డాక్టరుగారు చూసి నోట్లో పూసే మందు రాశారు. "ఇన్‌హేలర్ మానొద్దమ్మా, పీల్చిన ప్రతిసారీ పుక్కిలించి ఉమ్మెయ్" అన్నారు. సోడా డబ్బా నేనే తీసి పైఅరలో పెట్టి వచ్చాను.