కనపడకపోతేనేం, కథ ఉందిగా!

ఉత్తర ఐర్లాండ్‌లోని యాంట్రిమ్ తీరానికి చలికాలంలో డే టూర్ వెళ్ళడం దండగ అని కొందరు ప్రచారం చేస్తున్నారు. డిసెంబరులో అక్కడ ఉదయం 8.45 దాకా సూర్యుడు రాడు, సాయంత్రం నాలుగు కొట్టేలోపే వెళ్ళిపోతాడు. ఆ మధ్యలో ఉండేది వాన, గాలి, మబ్బు. ఇక చూసేదేముంది అని వాళ్ళ వాదన. బాధ్యత గల పౌరుడిగా ఈ వాదనను ఖండిస్తున్నాను. చూడాలనుకునేవాడు ఎండాకాలం వెళ్తాడు. చలికాలం వెళ్ళేవాడు బస్సులో కూర్చుని, అద్దం మీద పట్టిన ఆవిరి తుడుచుకుంటూ, గైడు చెప్పింది వింటాడు. ఎదురుగా ఏమీ కనపడనప్పుడు గైడు మాటకు తిరుగుండదు.

అసలు ఆకర్షణ జెయింట్స్ కాజ్‌వేనే తీసుకుందాం. సుమారు 40,000 నల్లరాతి స్తంభాలు, చాలావరకు ఆరు పలకలవి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మెట్లలా సముద్రంలోకి దిగిపోతాయి. 1986 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. దాదాపు 6 కోట్ల ఏళ్ళ కిందట లావా పొంగి, చల్లారుతూ కుంచించుకుపోయి, నెర్రెలు విచ్చి ఇలా తయారైందని భూగర్భ శాస్త్రం చెబుతుంది. నిజమే కావచ్చు. కానీ ఈ కథలో ఒక్క మనిషి లేడు, ఒక్క డైలాగ్ లేదు. వానలో తడుస్తున్న నలభై మందిని దీంతో ఎంతసేపని కూర్చోబెడతారు?

అందుకే ఐర్లాండ్ జానపద కథల్లోని మహాకాయుడు ఫిన్ మకూల్ ఉన్నాడు. స్కాట్లాండ్‌లోని బెనాండోనర్ అనే రాక్షసుడితో ఈయనకు మాటామాటా పెరిగింది. తేల్చుకుందామని సముద్రం మీద రాతి బాట వేశాడు. తీరా అవతలివాడి ఆకారం చూశాక తొడగొట్టిన చేత్తోనే చెమట తుడుచుకుని ఇంటికి పరుగెత్తాడు. అప్పుడు ఆయన భార్య ఊనా మొగుడికి పసిపిల్లాడి టోపీ పెట్టి, ఉయ్యాల్లో పడుకోబెట్టి, దుప్పటి కప్పింది. బెనాండోనర్ వచ్చి చూశాడు. ఉయ్యాల్లో బిడ్డే ఇంతుంటే వీడి అబ్బ ఎంతుంటాడో అని హడలిపోయి, వెనక్కి తిరిగి, వెంట పడతారేమోనన్న భయంతో బాటను కాళ్ళతో తొక్కి విరగ్గొట్టుకుంటూ పారిపోయాడు. సాక్ష్యం కావాలంటే అవతల స్కాట్లాండ్‌లో స్టాఫా దీవిలో ఫింగల్స్ కేవ్ అనే గుహ దగ్గర ఇలాంటి స్తంభాలే ఉన్నాయి. వంతెన మధ్యలో విరిగితే రెండు కొసలూ మిగలవా మరి!

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ వీరగాథలో దెబ్బ తగిలినవాడు ఒక్కడూ లేడు. వీరుడు దుప్పటి కింద వణుకుతుంటే సంసారాన్ని, దేశాన్ని గట్టెక్కించింది ఇల్లాలి నటన. ఉన్న సైజు కంటే ఘనంగా కనపడాలి, అంతే. ఈ విధానాన్ని ఆ తీరమంతా నేటికీ నిష్ఠగా పాటిస్తోంది.

డన్‌లూస్ కోట చూడండి. 1639లో ఓ తుపాను రాత్రి ఆ కోట వంటిల్లు వంటవాళ్ళతో సహా సముద్రంలో పడిపోయిందని, మూలన కూర్చున్న కుర్రాడొక్కడే బతికాడని, దొరసాని ఇక ఈ కొంపలో ఉండనని వెళ్ళిపోయిందని చెబుతారు. వంటిల్లు ఇప్పటికీ ఉంది. పొయ్యి కూడా ఉంది. కూలింది ఉత్తరం గోడ, అదీ 18వ శతాబ్దంలో. చాలా బస్సులు దూరంగా ఆపి ఫొటో మాత్రం తీసుకోనిస్తాయి. అంత దూరం నుంచి పొయ్యి కనపడదు కాబట్టి కథకేం ఢోకా లేదు.

పక్కనే బుష్‌మిల్స్ విస్కీ బట్టీ. సీసా మీద 1608 అని ఉంటుంది. ఆ ఏడు రాజుగారు ఆ ప్రాంతంలో సారా కాచుకోవడానికి లైసెన్స్ ఇచ్చిన మాట వాస్తవం. కంపెనీ రిజిస్టరైంది మాత్రం 1784లో. నూటడెబ్బై ఆరేళ్ళు ఉయ్యాల్లో పడుకుంది కాబోలు.

క్యారిక్-ఎ-రీడ్ తాళ్ళ వంతెన ఇంకో ముచ్చట. సాల్మన్ చేపలు పట్టేవాళ్ళు 1755లో మొదటిసారి కట్టారు. ఇప్పుడున్నది 20 మీటర్ల పొడవు, కింద 30 మీటర్ల లోతున సముద్రం. గాలి ఎక్కువగా ఉంటే మూసేస్తారు. చలికాలంలో అక్కడ గాలి తక్కువగా ఉండే రోజు కోసం ఎదురుచూడటం కూడా టూర్‌లో భాగమే.

డబ్లిన్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు చిన్న హెచ్చరిక. ఐర్లాండ్ దేశానికీ ఉత్తర ఐర్లాండ్‌కూ మధ్య సరిహద్దులో గేటు ఉండదు, స్పీడ్ బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్ళకు మారతాయి, అంతే. అయినా అటు వైపు బ్రిటన్. ఐర్లాండ్ స్టూడెంట్ వీసా చెల్లదు, బ్రిటన్ వీసా కావాల్సిందే. బెనాండోనర్‌ను మాత్రం ఎవరూ అడగలేదు.

కాజ్‌వే దగ్గర ఇంకో సమస్య ఉంది. జనం రాళ్ళ సందుల్లో నాణేలు దూర్చి మొక్కుకుంటున్నారు. ఉప్పుగాలికి అవి తుప్పుపట్టి ఉబ్బి, 6 కోట్ల ఏళ్ళు చెక్కుచెదరని రాయిని పెచ్చులూడగొడుతున్నాయి. దయచేసి మానండని ఆ చోటు బాగోగులు చూసే నేషనల్ ట్రస్ట్ సంస్థ వేడుకుంటోంది. గోదావరి బ్రిడ్జి మీద రైలు కిటికీలోంచి రూపాయి విసిరే జాతిగా మనం ఆ భక్తిని అర్థం చేసుకోగలం.

గోదావరి అంటే గుర్తొచ్చింది. కొవ్వూరు దాటి కాస్త పోతే పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో ఉన్నదీ నల్లరాయే, లావా గడ్డకట్టిందే. దక్కన్ లావాకు సంబంధించినది, వయసులో ఐర్లాండ్ రాయి కంటే పెద్దది కూడా. వాళ్ళు టికెట్ పెట్టి చూపిస్తుంటే మనం కంకర కొట్టి లారీలకెత్తుతున్నాం. కారణం రాయి నాణ్యత కాదు, మన దగ్గర రాక్షసుడు లేకపోవడం. ప్రభుత్వం వెంటనే టెండర్లు పిలిచి పంగిడికి ఓ రాక్షసుణ్ణి మంజూరు చేయాలి. భీముడు వద్దు, ఆయన ఇప్పటికే ఊరికో గుట్ట మీద పాదం మోపి ఓవర్‌టైమ్ చేస్తున్నాడు. పెళ్ళయినవాడికి ప్రాధాన్యం ఇవ్వాలి, ఇంటర్వ్యూ ఆవిడకే పెట్టాలి.