ఊరూ పేరూ లేని ఎముక

మొన్నటి మన సంఘం సంక్రాంతి సంబరాల్లో పూజకు ముందు పంతులుగారు ఎప్పటిలాగే సంకల్పం చెప్పించారు. సముద్రాలు దాటి అమెరికాలోని ఫ్లోరిడాకు వచ్చిన మన కోసం జంబూద్వీపాన్ని క్రౌంచ ద్వీపంగానూ, భరతవర్షాన్ని రమణక వర్షంగానూ మార్చి, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం వరుసగా పలికి, ఆ తరువాతే గోత్రనామాల దగ్గరకు వచ్చారు. తలపెట్టిన పని ఎక్కడ, ఎప్పుడు జరుగుతోందో చెప్పుకోకుండా మన ఇళ్ళలో ఏ పూజా మొదలు కాదు. గంటన్నర గడిచాక అదే వేదిక మీద, నిధుల సేకరణ కోసం జరిపిన వేలంలో, నల్ల మఖమలు గుడ్డ మీద అరచేతికంటే పెద్దదైన ఒక దంతాన్ని పెట్టి, "కోట్ల ఏళ్ళ నాటి డైనోసార్ పన్ను" అని ప్రకటించారు. ఎక్కడ దొరికిందో, ఎప్పుడు దొరికిందో ఎవరూ చెప్పలేదు.

పిల్లల వరుసలోంచి ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి లేచి నిలబడింది. "అంకుల్, అది డైనోసార్‌ది కాదు, అంతరించిపోయిన ఏనుగు జాతి మామత్‌ది. ఎక్కడ దొరికింది? మ్యూజియం వాళ్ళకు చెప్పారా?" అని అడిగింది. "ముందు వేలం కానివ్వమ్మా, సైన్సు పాఠం తరువాత చెప్పుకుందాం" అని మైకులో జవాబు వచ్చింది. సభ నవ్వింది. ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. మూడో వరుసలో ఉన్న నేను, ఆమె అడిగిన ప్రతి మాటా సరైనదని తెలిసి కూడా, లేచి నిలబడలేదు. ఈ వ్యాసం ఆ రోజే ఆ సభలో నేను చెప్పవలసిన మాట.

ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. డైనోసార్లు తిరిగిన కాలంలో ఫ్లోరిడా సముద్రం కింద ఉంది కాబట్టి, ఈ నేలలో డైనోసార్ ఎముకలు దొరకవు. ఆ దంతం పైభాగాన అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటిగా పేర్చిన పలకల్లాంటి గట్లు దూరం నుంచే కనిపిస్తున్నాయి. గడ్డి నమిలి అరగదీసుకునే మామత్ పన్నుకే అలాంటి గట్లుంటాయి. ఆకులూ కొమ్మలూ తిని బతికిన మరో ఏనుగు బంధువు మాస్టడాన్ పన్ను మీద శంఖువుల్లాంటి బొడిపెలుంటాయి. ఈ ఒక్క తేడాను పన్నెండేళ్ళ పిల్ల గుర్తుపట్టిందంటే, ఆమె ఎన్ని వారాంతాలు మ్యూజియంలో గడిపిందో మనం అడిగి తెలుసుకోవలసింది.

నేను ఇంత నొచ్చుకోవడానికి కారణం ఆ వేలం ఒక్కటే కాదు. అదే తప్పు నేనూ చేశాను, అదీ ఇంతకంటే ఘోరంగా. పద్నాలుగేళ్ళ కిందట ఒక జనవరి ఉదయం, ఇద్దరు మిత్రులతో కలిసి జోల్ఫో స్ప్రింగ్స్ దగ్గర పీస్ నదిలో దిగాను. చలికాలంలో వానలు తగ్గి ఆ నదిలో నీళ్ళు మోకాళ్ళ లోతుకు వస్తాయి. పారతో గులకరాళ్ళను ఎత్తి జల్లెడలో పోసి, నీళ్ళలో ఊపితే ఇసుక జారిపోయి నల్లగా నిగనిగలాడే ముక్కలు మిగులుతాయి. అక్కడి ఫాస్ఫేట్ నేల వల్ల ఎముకలకు ఆ నలుపు పట్టింది. ఎక్కువగా దొరికేది డ్యూగాంగ్ అనే సముద్రపు ఆవు పక్కటెముకల ముక్కలు. రాయికంటే బరువుగా ఉంటాయి. సొరచేప పళ్ళు, తాబేటి డిప్ప పెంకులు, తిరండి (స్టింగ్‌రే) చేప పంటి పలకలు, అదృష్టం బాగుంటే గుర్రం పన్ను. ఐరోపా వాళ్ళు ఓడల్లో గుర్రాలను తేవడానికి వేల ఏళ్ళ ముందే ఈ ఖండంలో గుర్రాలు పుట్టి, పెరిగి, అంతరించాయన్న సంగతి నాకు ఆ నదిలో నిలబడినప్పుడే మొదటిసారి నిజంగా తలకెక్కింది. పుస్తకంలో చదివినప్పుడు ఎక్కలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా నా జల్లెడలో వేలంత పొడవున్న దవడ ముక్క, దానిలో మూడు పళ్ళతో సహా వచ్చింది. దానితోపాటు అలాంటి రంగులోనే ఉన్న నాలుగైదు చిన్న చిన్న ముక్కలు కూడా వచ్చాయి; అందంగా లేవని వాటిని తిరిగి నదిలోకి విసిరేశాను. దవడను మిగతా ముక్కలతో కలిపి ఒకే బకెట్టులో వేశాను. ఏ మలుపు దగ్గర తవ్వానో రాసుకోలేదు, ఫొటో తీయలేదు. ఆ రోజు నా దగ్గర అనుమతి పత్రం కూడా లేదు. నదిలో దొరికింది దొరికినవాడిదేనని నమ్మాను. ఇంటికి వచ్చాక ఊగుతున్న పన్నును సూపర్ గ్లూతో అతికించి, మెరవాలని మొత్తం మీద వార్నిష్ పూసి, హాలులో అద్దాల బీరువాలో పెట్టాను. ఆరేళ్ళపాటు ఇంటికి వచ్చిన ప్రతివారికీ చూపించాను.

తరువాత ఒక శిలాజాల ప్రదర్శనలో, ఎవరి దగ్గరున్న ముక్కనైనా చూసి అదేమిటో చెప్పే బల్ల ఒకటి ఉంటే, దాన్ని తీసుకెళ్ళాను. ఆ బల్ల వెనక కూర్చున్న పెద్దాయన భూతద్దంతో చాలాసేపు చూసి, అది టేపిర్ అనే, పందిలాంటి ఒళ్ళూ పొట్టి తొండమూ ఉండే జంతువు దవడ అని చెప్పి, నదిలో ఏ చోట దొరికిందని అడిగారు. పీస్ నది అన్నాను. ఆ నది పొడవు నూరు మైళ్ళకు పైనే. అడుగున ఉన్న గులకరాళ్ళలోనా, ఒడ్డు మట్టి పొరలోంచి ఊడిపడిందా అని అడిగారు. తెలియదన్నాను. దానితో ఇంకేమైనా దొరికాయా అని అడిగారు. విసిరేసిన ముక్కలు గుర్తొచ్చి నోట మాట రాలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు; దవడను రెండు చేతులతో జాగ్రత్తగా తిరిగి నా చేతిలో పెట్టి, "చక్కని ముక్క" అన్నారు. చక్కని ముక్క తప్ప అది మరేమీ కాకుండా చేసింది నేనేనని ఆ రోజు అర్థమైంది.

ఆయన అడిగిన ప్రశ్నలు ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పాలి. పీస్ నది పడకలో 50 లక్షల ఏళ్ళకు ముందటి మయోసీన్ కాలపు సముద్రపు ఆవు ఎముకా, పదిహేను వేల ఏళ్ళ నాటి గుర్రం పన్నూ ఒకే జల్లెడలోకి వస్తాయి. నది పొరలన్నిటినీ కోసి కలిపేస్తుంది. అలాంటి చోట వయసు గురించి ఏ చిన్న ఆధారం దొరకాలన్నా ముక్క ఏ మలుపులో, ఏ పొర పక్కన, వేటితో కలిసి ఉందో తెలియాలి. మామత్ పన్ను విషయమే చూడండి. పంటి పింగాణీలో స్ట్రాన్షియం అనే మూలకం చేరుతుంది. జంతువు మేసిన నేల కిందున్న రాయిని బట్టి దాని ఐసోటోపుల నిష్పత్తి మారుతుంది. దీన్ని ఆధారం చేసుకునే 1999లో శాస్త్రవేత్తలు ఫ్లోరిడా మామత్‌లు పెద్దగా వలస పోలేదనీ, మాస్టడాన్లు మాత్రం వందల కిలోమీటర్లు తిరిగాయనీ తేల్చారు. జంతువు ఎక్కడ మేసిందో పన్ను చెబుతుంది. అది ఎక్కడ పడిపోయిందో మాత్రం ఏరినవాళ్ళే చెప్పాలి. ఆ రెండో మాట లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. మఖమలు గుడ్డ మీది దంతం విషయంలో మనం పోగొట్టింది ఆ రెండో మాటనే.

ఏరేవాళ్ళందరినీ దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. నది ప్రతి వర్షాకాలం ఎముకల్ని దొర్లించి అరగదీస్తుంది. ఎవరూ ఎత్తకపోతే చాలావరకు ఇసుకలో కలిసిపోతాయి. శిలాజశాస్త్రమే చాలావరకు ఏరేవాళ్ళ చేతుల మీదుగా నడిచింది. ఇంగ్లండులోని లైమ్ రెజిస్ తీరంలో మేరీ యానింగ్ అనే వడ్రంగి కూతురు, ఏ కళాశాలలోనూ చదవకుండా, 1823లో ప్లీసియోసార్ అనే పురాతన సముద్ర సరీసృపపు పూర్తి అస్థిపంజరాన్ని వెలికి తీసింది. మన రాష్ట్రంలోనే విలిస్టన్ దగ్గర మాంట్‌బ్రూక్ అనే చోట, 50 లక్షల ఏళ్ళు దాటిన ఏనుగు బంధువుల ఎముకలు బయటపడిన తవ్వకం, 2015లో ఒక చిన్న పాప నేల మీద ఎముకలు చూసి పెద్దలకు చెప్పడంతో మొదలైంది. ఆ పెద్దలు నవ్వలేదు. మ్యూజియానికి కబురు పంపారు. ఆ తరువాత అక్కడ తవ్వినవాళ్ళలో ఎంతోమంది మనలాంటి వారాంతపు స్వచ్ఛంద కార్యకర్తలే.

ఫ్లోరిడా చట్టం కూడా ఏరేవాళ్ళను తరిమేసే చట్టం కాదు. ప్రభుత్వ నేలలోనూ, నదుల అడుగునా వెన్నెముక జీవుల శిలాజాలు ఏరాలంటే గెయిన్స్‌విల్‌లోని ఫ్లోరిడా మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఇచ్చే అనుమతి ఉండాలి. సొరచేప పళ్ళకూ, నత్తగుల్లలకూ, మొక్కల శిలాజాలకూ అది అవసరం లేదు. దొరికినవాటి వివరాలు, దొరికిన చోటుతో సహా, మ్యూజియానికి పంపాలి. 60 రోజుల్లో వాళ్ళు కావాలని అడగకపోతే అవి మనవే. ఇంతకంటే ఉదారమైన ఏర్పాటు అడగలేం. కేంద్ర ప్రభుత్వ భూముల్లో 2009 నాటి చట్టం చాలా కఠినమైనది. అక్కడ వెన్నెముక జీవుల ఎముకను సరదాగా ఏరుకునే వీలే లేదు. మన వేలంలోని దంతం విషయంలో ఎవరైనా చట్టం తప్పారని నేను అనడం లేదు. దాన్ని ఇచ్చిన కుటుంబం మంచి మనసుతోనే ఇచ్చింది, వచ్చిన డబ్బు మన ప్రాంతంలోని ఒక బడి గదుల కోసం వెళ్ళింది.

అయినా వేలం అనే పద్ధతే ఈ వస్తువుకు తగదని నేను నమ్ముతున్నాను. 1997లో సూ అనే టైరనోసార్ అస్థిపంజరం వేలంలో 83 లక్షల డాలర్లు దాటింది; షికాగో ఫీల్డ్ మ్యూజియం పెద్ద కంపెనీల సాయంతో దాన్ని దక్కించుకోగలిగింది. 2024లో ఏపెక్స్ అనే స్టెగోసార్ 4 కోట్ల 46 లక్షల డాలర్లకు ఒక వ్యక్తి చేతికి వెళ్ళింది. ఆ కొన్నవారు దాన్ని మ్యూజియానికి అరువిచ్చారు, అది వేరే సంగతి. ధర పలకడం మొదలైన చోట నాణ్యం అంటే మెరుపే అవుతుంది, దొరికిన చోటూ తేదీ రాసిన చీటీ కాదు. మన సభలోనూ అంతే జరిగింది: పాట పెరుగుతున్నంతసేపూ ఆ దంతం ఎంత పెద్దదో, ఎంత నిగనిగలాడుతోందో అన్నదే మాట.

మన పెద్దవాళ్ళు ఇలా ఉండేవారు కాదు. మా ఇంటి పూజామందిరంలో ఒక సాలగ్రామం ఉండేది. గండకీ నది నల్లరాతిలో దొరికే ఆ చక్రాల గుర్తులు ఒకప్పటి సముద్రజీవి అమ్మోనైట్‌వని మా నాయనమ్మకు తెలియదు. కానీ దాన్ని ముత్తాతగారు రౌద్రి నామ సంవత్సరంలో ముక్తినాథ్ నుంచి తెచ్చారనీ, ఎవరి తరువాత ఎవరి చేతికి వచ్చిందనీ, అడిగినా అడగకపోయినా చెప్పేది. ఆ వరుస మాకు నోటికొచ్చేదాకా వదిలేది కాదు. అది చీటీ కాకపోతే మరేమిటి?

గోదావరి వైపు చూసినా ఇదే కనిపిస్తుంది. హైదరాబాదులోని బిర్లా సైన్స్ సెంటర్‌లో మనలో చాలామంది పిల్లలప్పుడు తలెత్తి చూసిన డైనోసార్ అస్థిపంజరం పేరు కోటాసారస్ యామనపల్లియెన్సిస్. ప్రాణహిత–గోదావరి లోయలో యామనపల్లి దగ్గర కనీసం 12 జంతువుల ఎముకలు దొరికితే, 1988లో పి. యాదగిరిగారు దానికి ఆ పేరు పెట్టారు. కోటా అన్నది అది దొరికిన రాతి పొరల పేరు, యామనపల్లి ఊరి పేరు. జురాసిక్ కాలపు జంతువు మన ఊరి పేరుతో ప్రపంచమంతటా చెలామణి అవుతోందంటే, తవ్వినవాళ్ళు దొరికిన చోటు రాసుకున్నారు కాబట్టే.

అందుకని కార్యవర్గానికి నాదొక విన్నపం. ఇకమీదట మన వేలాల్లో వెన్నెముక జీవుల శిలాజాలు వద్దు. బదులుగా వచ్చే చలికాలంలో పిల్లలతో పీస్ నదికి వెళదాం, అనుమతులు ముందే తీసుకుందాం, ఒడ్డులను తవ్వకుండా పడకలోని గులకరాళ్ళకే పరిమితమవుదాం. ప్రతి ముక్కకూ ఒక సంచీ, ప్రతి సంచీలో ఒక చీటీ: ఫోనులో చూపించే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, లోతు, ఏరినవాళ్ళ పేరు. విరిగిన ముక్కల్ని కూడా అదే సంచీలో వేద్దాం. గట్టిపరచవలసి వస్తే వార్నిష్ కాకుండా పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడదాం. అసిటోన్‌తో కడిగితే అది వదిలిపోతుంది కాబట్టి రేపటి పరిశోధకుడికి అడ్డు కాదు. సంవత్సరాంతంలో జాబితా గెయిన్స్‌విల్‌కు పంపుదాం.

దంతాన్ని ఇచ్చిన కుటుంబానికీ, పాడుకున్నవారికీ మరో మాట. ఏ నదిలో, ఏ వంతెనకు ఎగువనో దిగువనో, ఏ ఏడాది ఏ నెలలో దొరికిందో ఇప్పటికీ జ్ఞాపకం ఉంటే, ఉన్నంతవరకే ఒక కాగితం మీద రాసి ఆ దంతంతో పాటు ఉంచండి. రాయడానికి సాయం కావాలంటే నేను మీ ఇంటికి వస్తాను. ఇక ఉగాది నాడు పంచాంగ శ్రవణం అయ్యాక, ఆ అమ్మాయిని వేదిక మీదకు పిలిచి, మైకు చేతికిచ్చి, ఆ రోజు అడగబోయిన మిగతా ప్రశ్నలన్నీ అడగనివ్వండి. ఈసారి ముందు వరుసలో కూర్చుంటాను.