తెరా, ఫిల్మా: మెదడు స్కాన్‌లో కంటికి ఆననిదేమిటి?

మెదడు సీటీ స్కాన్‌ను ఫిల్మ్ మీద చూడటం మేలా, కంప్యూటర్ తెర మీదా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా చర్చ బొమ్మ స్పష్టత మీదికే పోతుంది. నిజానికి ఆ విషయంలో ఫిల్మ్‌ను తీసిపారేయలేం. ఫిల్మ్‌ను ఆనించి చూసే వెలుగు పెట్టె, అంటే మంచి వ్యూ బాక్స్ వెలుగు రేడియాలజిస్టు మానిటర్ వెలుగు కంటే కొన్ని రెట్లు ఎక్కువ. అసలు తేడా వేరే చోట ఉంది.

సీటీ యంత్రం సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో లెక్కగడుతుంది. నీరు 0, గాలి మైనస్ 1000, గట్టి ఎముక 1000 ఆపైన. మెదడులోని ధూసర, శ్వేత పదార్థాల మధ్య తేడా మాత్రం పది యూనిట్లు అటూ ఇటూ. అంత చిన్న తేడా కంటికి ఆనాలంటే కొలమానంలో ఒక ముక్కను, మామూలుగా 0 నుంచి 80 వరకు, నలుపు నుంచి తెలుపు దాకా పరచాలి. దీన్నే విండో అంటారు. ఫిల్మ్ మీద అచ్చయ్యే విండోను టెక్నీషియన్ ముందే ఎంచుతాడు. ఆ తర్వాత మార్చే వీల్లేదు.

తలకు దెబ్బ తగిలిన మనిషికి పుర్రె లోపలి అంచు వెంట పల్చగా రక్తం చేరిందనుకుందాం. తాజా రక్తం 60–80 యూనిట్ల దగ్గర ఉంటుంది కాబట్టి మెదడు విండోలో అది దాదాపు తెల్లగా కనిపిస్తుంది. పక్కనున్న ఎముక ఎలాగూ తెలుపే. చూసేవారికి ఎముకే కాస్త మందంగా ఉందనిపిస్తుంది. తెర ముందున్న డాక్టరు మౌస్ జరిపి విండోను 200 దాకా వెడల్పు చేస్తే రక్తం ఎముక నుంచి విడివడి బూడిదరంగులో తేలుతుంది. పక్షవాతం అనుమానమైతే అదే విండోను 40 యూనిట్ల వెడల్పుకు బిగించి చూస్తారు. ఫిల్మ్‌కు ఈ రెండో ప్రశ్న వేయలేం.

అయితే తెర అంటే ఏ తెర? బూడిదరంగు మెట్లు డైకామ్ (వైద్య చిత్రాలను దాచడానికీ, పంపడానికీ, చూపడానికీ ఉన్న అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం సరిచేసిన మానిటర్, మసక వెలుతురు గది ఒక ఎత్తు; ఫిల్మ్‌ను కిటికీకి ఆనించి తీసి, కిటికీ ఊచలతో సహా వాట్సాప్‌లో పంపిన ఫొటో ఇంకో ఎత్తు. ఈ ఫొటోలో ఫిల్మ్ లోపాలూ తెర లోపాలూ రెండూ కలిసే వస్తాయి. అంతకంటే ఫిల్మే నయం.

మన జిల్లాల నుంచి హైదరాబాద్‌కో విశాఖకో వచ్చే రోగి చంకలో ఆ పెద్ద కవరు ఇంకా ఉంటుంది, ఉండనివ్వండి. దానితోపాటు డైకామ్ ఫైళ్లు కూడా, సీడీగానో లింకుగానో, అడగకుండానే ఇవ్వాలి. ఫిల్మ్ చాలక పెద్దాసుపత్రిలో మళ్లీ స్కాన్ తీయిస్తే ఖర్చే కాదు, రెండో విడత రేడియేషన్ కూడా రోగి తలకే.