విత్తనంతో పాటు పనితనమూ పంపాలి

హైదరాబాద్‌లో ఏ భోజన హోటల్‌లో కూర్చున్నా పళ్లెంలోకి వచ్చేది ఎక్కువగా సాంబ మసూరి అన్నమే. 1986లో బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన ఈ బీపీటీ 5204 మన సొంత రకమని గర్వపడతాం, పడాలి కూడా. కానీ దాని పుట్టుకలో తమిళనాడు జీఈబీ 24 ఉంది, తైవాన్ పొట్టి రకం టీఎన్ 1 ఉంది, మలేసియా మసూరి ఉంది. ఆ మసూరికి మూలం 1950ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) చొరవతో కటక్‌లో మొదలైన ఇండికా-జపానికా (మన వైపు వరికీ, జపాన్ వైపు వరికీ మధ్య) సంకరాలు. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకంలోనూ మసూరి రక్తమే. ఒడిశా నాటు రకం నుంచి ముంపును తట్టుకునే జన్యువును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అదే స్వర్ణలోకి ఎక్కించింది. రెండు వారాలు నీట మునిగినా తేరుకునే స్వర్ణ సబ్1 అలా 2009లో మన రైతుకు అందింది. ఇంత తీసుకున్న మనకు, వరి పండించే ఇతర దేశాలకు మంచి విత్తనం తయారుచేసే పనితనం నేర్పి, ఇచ్చే వంతు వచ్చింది.

కొత్త రకాలకు ఇప్పుడు పెద్ద అడ్డంకుల్లేవు. ఒక దేశంలో విడుదలైన వరి రకాన్ని మిగతా దేశాలూ గుర్తించేలా భారత్, బంగ్లాదేశ్, నేపాల్ 2014లోనే ఒప్పందానికి వచ్చాయి. పశ్చిమాఫ్రికాలో నెరికా (ఆఫ్రికా, ఆసియా వరుల సంకర) రకాలున్నాయి. చిక్కంతా బ్రీడర్ (కొత్త రకాన్ని రూపొందించే శాస్త్రవేత్త) దగ్గరి గుప్పెడు గింజలు రైతు సంచి చేరే దారిలోనే.

వరిలో క్వింటా బ్రీడర్ విత్తనం ఒక పంటలో 80 క్వింటాళ్ల ఫౌండేషన్ (మూల) విత్తనం అవుతుంది. మరుసటి పంటకు అదే రైతుకు అమ్మే 6,400 క్వింటాళ్ల సర్టిఫైడ్ విత్తనం. ఎకరానికి 25 కిలోల లెక్కన 25,600 ఎకరాలకు సరిపోతుంది. బెరుకు (వేరే రకం గింజ) చేరితే అదీ ఇదే వేగంతో పెరుగుతుంది. చదరపు మీటరుకు 33 కుదుళ్లు నాటితే ఎకరంలో 1.30 లక్షలకు పైగా ఉంటాయి. ఫౌండేషన్ పొలంలో కేళీలు (వేరే రకం మొక్కలు) 0.05 శాతం మించకూడదంటే, అంత పైరులో 65 కుదుళ్లకు మించి తేడా ఉండకూడదన్నమాట. మొక్క ఎత్తు, పోటాకు (కంకి కింది చివరి ఆకు) వాలు, గింజ కొసన మీసం, పొట్టు రంగు చూసి వాటిని పట్టాలి. పూతకు ముందోసారి, పూతలో ఓసారి, గింజ గట్టిపడ్డాక మరోసారి పొలమంతా తిరిగి వేళ్లతో సహా పీకెయ్యాలి. కొడవలితో కోసేస్తే మళ్లీ పిలకేస్తుంది. పాత పంటలో రాలిన వడ్లను దమ్ముకు ముందే తడిపెట్టి మొలిపించి కలియదున్నాలి. హార్వెస్టర్ పొట్టలో పక్క పొలం వడ్లు మిగిలి ఉంటాయి కాబట్టి యంత్రాన్ని శుభ్రం చేశాక కూడా మొదట వచ్చే వడ్లను విత్తనంలో కలపకూడదు.

రెండు వేర్వేరు వరి మొక్కలను ఆడ, మగలుగా కలిపి పుట్టించే హైబ్రిడ్ వరి సంగతికొస్తే మనం నేర్చుకున్నదీ బయటివారి దగ్గరే. 1989లో జాతీయ కార్యక్రమం మొదలైంది. చైనా అనుభవం, ఎఫ్‌ఏఓ సాయం తోడై 1994లో తొలి హైబ్రిడ్లు విడుదలయ్యాయి. ఇవాళ దేశంలో హైబ్రిడ్ వరి విత్తనం అత్యధికంగా పండేది కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో, యాసంగిలో. అక్కడి రైతుల చేతిలో ఉన్న పనితనం ఏ కరపత్రంలోనూ పూర్తిగా పట్టదు. రెండు మగ వరుసలకు ఎనిమిది ఆడ వరుసలు. ఆడ మొక్కకు పనికొచ్చే పుప్పొడి ఉండదు కాబట్టి రెండూ ఒకేసారి పూతకు రావాలి. అందుకే మగ నారును నాలుగైదు రోజుల తేడాతో మూడు దఫాలుగా పోస్తారు. పూతకు నెల ముందు తల్లి పిలకను బ్లేడుతో నిలువునా చీల్చి, లోపల వెన్ను ఏ దశలో ఉందో భూతద్దంతో చూస్తారు. ముందు నడుస్తున్న వరుసకు 2 శాతం యూరియా ద్రావణం కొట్టి ఆపుతారు, వెనకబడిన దానికి డీఏపీ ద్రావణం కొట్టి తోస్తారు. ఈ పరీక్ష తప్పితే తర్వాత ఎంత ఖర్చు పెట్టినా తాలే మిగులుతుంది.

ఆడ మొక్క కంకి పోటాకు తొడుగు నుంచి పూర్తిగా బయటికి రాదు. దాదాపు పావు వంతు గింజలు లోపలే చిక్కుకుంటాయి. కంకులు 5-10 శాతం బయటపడ్డప్పుడు కంకిని బయటికి సాగదీసే హార్మోను జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని ఎకరానికి 25-35 గ్రాములు, రెండు దఫాలుగా కొట్టాలి. అది నీళ్లలో కరగదు, ముందు స్పిరిట్‌లో కరిగించాలి. తొందరపడి కొడితే కణుపులు సాగి పైరు పడిపోతుంది. ఇక పూత వేళ, పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం లోపు, ఇద్దరు చెరో గట్టున తాడు పట్టుకుని మగ కంకుల్ని ఊపుతూ పోతారు. అరగంటకోసారి, రోజుకు మూడు నాలుగు సార్లు, వారం పది రోజులు. కోత రోజున మగ వరుసల్ని ముందే కోసి పొలం దాటించాలి. ఆడ వరుసల్లో పడిపోయిన ఒక్క మగ కంకి కూడా మిగలకుండా ఏరాలి.

ఇంత కష్టాన్నీ కల్లం దగ్గర పాడుచేసుకోవడం తేలిక. 20 శాతం పైన తేమతో వచ్చిన గింజను ఎండాకాలం తారు రోడ్డు మీద పోస్తే మొలక చచ్చిపోతుంది. గింజ వేడి 43 డిగ్రీలు దాటకుండా, నీడలో ఎండలో మార్చి మార్చి 13 శాతానికి దింపాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే తీర దేశాల్లో గోనె సంచిలోని విత్తనం నెలల్లోనే తేమ పీల్చి మొలక శాతం పోగొట్టుకుంటుంది. గాలి చొరబడని లోసంచి అక్కడ పెద్ద వరం. అయితే సరిగా ఆరని గింజను అందులో కట్టేస్తే బూజు పడుతుంది.

రాజేంద్రనగర్‌లో భారత వరి పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్న నగరం ఇది. విదేశీ అధికారులకు శిక్షణలు ఇక్కడ కొత్త కాదు. 1964 నుంచి సాంకేతిక, ఆర్థిక సహకార కార్యక్రమం నడుపుతున్న విదేశాంగ శాఖను మేం అడిగేది ఒక్కటే. పది రోజుల తరగతులకు తోడు పంటకాలం పొడవునా సాగే కోర్సు ఒకటి పెట్టండి. అధికారులతో పాటు పొలాలు తనిఖీ చేసే సిబ్బందినీ, విత్తన రైతులనూ పిలవండి. నారు పోయడం నుంచి సంచి కుట్టే దాకా వాళ్లు హుజూరాబాద్, జమ్మికుంట పొలాల్లో ఉండాలి. తాడు లాగే కూలీలకు, కేళీలు ఏరే ఆడవాళ్లకు గురువుల గౌరవ వేతనం ఇవ్వాలి. తిరిగి వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో తేమ కొలిచే మీటరు, వాళ్ల భాషలో రాసిన పొలం పుస్తకం ఉండాలి.

ఒక్కటి మాత్రం ఇక్కడి నుంచి వెళ్లకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకుండా నోటిమాట మీద విత్తనం వేయించి, పూత కలవకపోతే నష్టమంతా రైతు మీదే వదిలేసే పద్ధతి అది. కనీస రాబడి హామీ ఉన్న ఒప్పంద పత్రం కూడా ఆ కోర్సులో ఒక పాఠం కావాలి, దాన్ని ముందు మన దగ్గర అమలు చేయాలి. యాసంగి మగ నారు నవంబర్, డిసెంబర్‌లలో పోస్తారు. సెప్టెంబర్‌కల్లా ఆహ్వానాలు వెళితే తొలి బృందం నారుమడి గట్టు మీదే పని మొదలుపెట్టగలదు.