మా ఎనుముకు ఈ-పాస్ లేదు

మాది కర్నూలు. మా చెల్లెల్ని ఏటికి అవతల, తెలంగాణలోని అలంపురంలో ఇచ్చాం. పోయిన వారం రెండు మూటల వడ్లు ఆటోలో వేసుకుని పోతుంటే చెక్‌పోస్టులో ఆపారు. ఆంధ్రా వడ్లు తెలంగాణలో అమ్మబోతున్నానట. "తినడానికే సార్" అన్నాను. "తింటారని రాసిస్తావా?" అన్నాడు చెక్‌పోస్టాయన. రాసిచ్చాను, తినేవాళ్ల పేర్లతో సహా.

బాధ్యత గల పౌరుడిగా ఇంతకంటే పెద్ద నేరం ఒకటి ప్రభుత్వాలకు విన్నవించుకుంటున్నాను. మా వీధిలో ఒక ఎనుము ఉంది. ఎండాకాలం తుంగభద్ర మడుగులుగా మిగిలినప్పుడు పొద్దున్నే ఏరు దాటిపోయి, తెలంగాణ గడ్డి మేసి, నడిమి మడుగులో పొర్లి, సాయంత్రానికి కర్నూలుకొచ్చి పాలిస్తుంది. ఆ పాలు ఏ రాష్ట్రానివి? కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ మా కర్నూలు-కడప (కేసీ) కాలువకు 39.9 టీఎంసీలు, అవతలి రాజోలిబండ మళ్లింపు పథకానికి (ఆర్డీఎస్) 15.9 టీఎంసీలు అని పాయింటుతో సహా పంచింది గానీ, ఎనుము గురించి ఒక్క ముక్క రాయలేదు. రెండు రాష్ట్రాల నీళ్ల లెక్క చూసే కృష్ణా బోర్డు వెంటనే దాని మూతికి టెలిమెట్రీ మీటరు బిగించాలి. తల అవతల, తోక ఇవతల పెట్టి తాగిన నీళ్లు ఎవరి ఖాతాలో రాయాలి? మూతి దగ్గర ఒక రాష్ట్రం ఇంజినీరు, తోక దగ్గర ఇంకో రాష్ట్రం ఇంజినీరు కాపలా ఉండాలి. తాగింది అక్కడే వదిలితే, వాడాక మళ్లీ ఏట్లో కలిసే పునరుత్పత్తి జలాల కింద కలపాలా వద్దా అనేది సుప్రీంకోర్టు చూసుకుంటుంది. తోక దగ్గరాయనకు మాత్రం గొడుగు ఇప్పించండి.

అలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు ఏరు దాటేముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన వేసుకునేవట. అందుకే ఈ ఊరు కందెనవోలు, తర్వాత కర్నూలు అయిందని పెద్దలు చెప్తారు. ఇప్పుడూ కందెన లేనిదే బండి దాటదు. కాకపోతే పూసేది ఇరుసుకు కాదు.

సరే, వడ్లదేముంది, నవ్వుకోవచ్చు. 2021 మేలో, కరోనా రోజుల్లో, తెలంగాణ సరిహద్దు పుల్లూరు చెక్‌పోస్టు దగ్గర ఆపింది వడ్ల మూటల్ని కాదు, అంబులెన్సుల్ని. లోపల మనిషికి ఊపిరాడటం లేదు, బయట "ఈ-పాస్ చూపించు, హైదరాబాద్ ఆస్పత్రిలో బెడ్డు ఉన్నట్టు కాగితం చూపించు" అంటున్నారు. ఆక్సిజన్ సిలిండరుకు ఏ రాష్ట్రమయ్యా? చట్టప్రకారం 2024 దాకా హైదరాబాద్ మాకూ ఉమ్మడి రాజధానే కదా! తెలంగాణ హైకోర్టు కలగజేసుకుంటే గానీ దారి వదల్లేదు. అప్పటికే పోయినవాళ్ల పేర్లు ఎవరు రాసిస్తారు?

పొద్దు వాలింది. ఎనుము ఏరు దాటి వస్తోంది, ఒళ్లంతా రెండు రాష్ట్రాల బురద. ఎదురెళ్లి ఏ రాష్ట్రమో అడగండి. కొమ్ము విసిరితే నా పూచీ లేదు.