జీతం లేని కొలువు మీద ఒక తండ్రి అభ్యంతర పత్రం

అమెరికాలో మేముండే ఓరెగన్ రాష్ట్రంలో ఒక అన్యాయం జరుగుతోంది. బీవర్టన్, హిల్స్‌బరో తెలుగువాళ్ళం ఇంతమందిమి ఉండి ఎవరూ నోరెత్తట్లేదు కాబట్టి నేనే ఎత్తుతున్నా.

అవుట్‌డోర్ స్కూల్ అని ఒకటుంది. ఐదో ఆరో క్లాసు పిల్లల్ని కొన్నిరోజులు అడవిలో క్యాంపుకి తీసుకెళ్ళి మట్టి, నీళ్ళు, మొక్కలు, జంతువులు అని చదువు చెప్తారు. కొత్తదేం కాదు, 1957లో క్రుక్ కౌంటీలో మొదలెట్టారు, 2016లో మెజర్ 99 అనే ప్రతిపాదన ఓటింగ్‌కి పెడితే జనం గుద్దేసి గెలిపించి దీనికి లాటరీ డబ్బుల్లోంచి వాటా ఇప్పించారు. అంటే ఎవరో స్క్రాచ్ టికెట్ గీకి పోగొట్టుకున్న డాలర్‌తో ఇంకెవరి పిల్లాడో వాగులో పురుగులు లెక్కపెడుతున్నాడన్నమాట. దీనిమీద నాకేం అభ్యంతరం లేదు, నా డాలర్ కాదు కదా.

నా బాధ వేరు. అక్కడ ఆ పిల్లల్ని చూసుకునేది హైస్కూల్ పిల్లలు. స్టూడెంట్ లీడర్స్ అంటారు. సొంత స్కూల్ మానేసి, పైసా జీతం లేకుండా, క్యాబిన్ నిండా పదకొండేళ్ళ వానరసేనని పెట్టుకుని నిద్రలేపడం, పళ్ళు తోమించడం, వానలో తడిసిన సాక్స్ మార్పించడం, రాత్రి అమ్మ గుర్తొచ్చి ఏడ్చేవాణ్ణి ఓదార్చడం, ఇదీ డ్యూటీ. మావాడూ వెళ్ళాడు. ఆదివారం పదకొండైనా దుప్పట్లోంచి కాలు బయటపెట్టని మనిషి అక్కడ తెల్లారేసరికి లేచి అందర్నీ లైన్‌లో డైనింగ్ హాల్‌కి నడిపించాడట. ఈ విద్య ఇన్నాళ్ళూ ఎక్కడ దాచాడు? మాకెందుకు చెప్పలేదు?

తిండి సంగతి ఇంకా ఘోరం. భోజనాలయ్యాక ప్లేట్లలో వదిలేసిందంతా ఒక బకెట్లోకి ఊడ్చి తూకం వేస్తారు, రోజురోజుకీ ఆ తూకం తగ్గాలి, తగ్గితే హాలంతా చప్పట్లు. అన్నం పరబ్రహ్మస్వరూపం రా అని పుట్టినప్పట్నుంచీ మొత్తుకుంటున్నా బీరకాయ కూర పక్కకి నెట్టేసేవాడు, అక్కడ ఎవరో పిల్ల వదిలేసిన క్యారెట్ ముక్క దగ్గర కూర్చుని ఫుడ్ వేస్ట్ గురించి క్లాస్ పీకాడట. మేం తప్పు చేశాం, చెప్పడం కాదు, కాటా కొనాల్సింది.

ఫోన్లు ఉండవు. ఇంట్లోనే పెట్టి వెళ్ళాడు. మా ఆవిడ మాత్రం రోజూ లొకేషన్ యాప్ తీసి, చుక్క కదలట్లేదండీ అని ఒకటే కంగారు. చుక్క డ్రాయర్‌లో ఉందే బాబూ అన్నా వినదు, అయినా ఒకసారి చూడండి అంటుంది.

అసలు దెబ్బ మాత్రం మట్టి దగ్గర తగిలింది. తడి మట్టిని బొటనవేలితో నొక్కుతూ రిబ్బన్‌లాగా సాగదీయాలి, తెగకుండా ఎంత పొడుగొస్తే అంత బంక ఉన్నట్టు. చిన్నపిల్లలకి ఇది నేర్పించాడట. వచ్చాక వీడియో కాల్‌లో తాతయ్యకి చెప్పాడు. మా నాన్న గుంటూరు జిల్లా నల్లరేగడిలో జీవితమంతా పత్తి వేసిన మనిషి. అప్పటిదాకా వాళ్ళిద్దరి మాటలూ "బాగున్నావా తాతా, ఆఁ నాన్నకిస్తున్నా" దగ్గర ఆగిపోయేవి. ఆరోజు అరగంట మాట్లాడుకున్నారు. "ఎండలో నెర్రెలిచ్చేది ఆ బంక వల్లేరా" అని ఆయన, "వానొస్తే మళ్ళీ ఉబ్బుతుందా తాతా" అని వీడు. మధ్యలో నేను దూరితే "నువ్వుండరా, నీకు తెలీదు" అన్నాడు మా నాన్న. ఆ మట్టి అంటకూడదనే కదా ఆయన నన్ను హాస్టల్లో పడేసి చదివించింది, నేను వీసాలనీ స్టాంపింగులనీ ఇంతదూరం వచ్చిపడింది? ఓరెగన్ ప్రభుత్వం లాటరీ డబ్బు పెట్టి మరీ ఆ మట్టి మావాడి చేతికి మళ్ళీ పూసి పంపింది.

మరి ఎందుకు పంపావయ్యా అంటారేమో. ఇదేం ప్రశ్నండీ, కాలేజీ అప్లికేషన్ కోసం. మన వాట్సాప్ గ్రూప్‌లో ఈ క్యాంపు మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే రకం, "అన్నా ఎన్ని వాలంటీర్ అవర్స్ ఇస్తారు", "అన్నా నిద్రపోయిన టైమ్ కూడా కౌంటేనా". న్యాయమైన ప్రశ్నే, రాత్రి రెండింటికి ఎవడో లేపి బాత్రూమ్‌కి తోడు రమ్మంటే అది డ్యూటీ కాక ఏంటి. కామన్ యాప్ అని చాలా కాలేజీలకి ఒకే అప్లికేషన్ ఉంటుంది, అందులో పది యాక్టివిటీలు రాయొచ్చు, ఒక్కోదానికి వర్ణన 150 క్యారెక్టర్లు, స్పేసులతో కలిపి. ఏడ్చే పిల్లాడి పక్కన కూర్చున్నది 150లో ఎలా ఇరికించాలో తేల్చడానికి కన్సల్టెంట్‌కి గంటకింత అని కడుతున్నాం, ఆయన "ఏడుపు వద్దు సార్, నంబర్ పెడదాం, ఎంతమంది ఏడ్చారు?" అంటున్నాడు.

కాబట్టి నిర్వాహకులకి నా డిమాండ్ ఒక్కటే. అక్కడ ఎవరికీ అసలు పేర్లుండవు, స్టాఫ్‌తో సహా అందరూ చెట్టో పిట్టో పేరు పెట్టుకుని, గుండ్రంగా కోసిన చెక్కబిళ్ళ మీద రాసుకుని మెడలో వేసుకుంటారు. పెట్టుకోండి, మీ ఇష్టం. లెటర్ల మీద మాత్రం అసలు పేరు రాయండి. మావాడికి ఇచ్చిన మెచ్చుకోలు లెటర్ కింద సంతకం "మాస్" అని ఉంది. మాస్ అంటే మన మాస్ హీరో కాదు, రాయి మీద పట్టే నాచు. రేపు స్టాన్‌ఫర్డ్ వాళ్ళు వెరిఫికేషన్‌కి ఫోన్ చేసి నాచుగారున్నారా అని అడిగితే ఎవరండీ ఎత్తేది?